తేలిన చోట గోడ, తేలని చోట కంచె

మా మామయ్య 1971లో రాయించుకున్న సాదాబైనామా ఇప్పటికీ నా బీరువాలో, పెళ్లిచీర మడతల కింద ఉంది. స్టాంపు లేని తెల్లకాగితం. మడతలు చిరిగి, ఒక మూల పసుపు మరక పడి ఉంటుంది. అందులో మా దొడ్డి కొలత ఒక్క వరసలో తేల్చేశారు: పొడవు ఇరవై రెండు గజాలు, వెడల్పు పదకొండు గజాలు. దాని కింద నాలుగు హద్దులు. తూర్పున బండ్ల బాట. దక్షిణాన పాలివారి ఇల్లు. పడమర వాన కాలువ. ఉత్తరాన చింతచెట్టు.

గోపన్‌పల్లి పాత ఊళ్లో ఆ దొడ్డి చుట్టూ ప్రహరీ కట్టాలని పోయినేడాది మేం అనుకునేసరికి, ఆ నాలుగింటిలో ఏదీ కాగితంలో ఉన్నట్టు లేదు. బండ్ల బాట సిమెంటు రోడ్డయింది. పాలివారి పెంకుటిల్లు మూడంతస్తుల మేడయింది. కాలువ సగం పూడిపోయింది. చింతచెట్టు మొదలు ఎక్కడుండేదో చూపించమంటే ఇద్దరు పెద్దమనుషులు రెండు చోట్లు చూపించారు.

ముందు మేం చేసిన తప్పు చెప్తాను, మీరు చేయకుండా ఉంటారు. సర్వేయరు కంటే ముందు మేస్త్రిని పిలిచాం. ఆయన వచ్చీరాగానే పాత కంపకంచె వెంబడి దారం లాగి ముగ్గు పోసేశాడు. గునపం దించే లోపల పక్కింటి బావ బయటికొచ్చాడు. మా ఆయనకు పెదనాన్న కొడుకు. "ఏమ్మా, ముగ్గు మా దిక్కు జరిగినట్టుంది గదా" అన్నాడు. గొంతు పెంచలేదు, కానీ మేస్త్రి గునపం పక్కన పెట్టి బీడీ ముట్టించుకున్నాడు. మంచం మీద కూర్చున్న మా అత్తమ్మ అప్పుడు నోరు విప్పింది: "గోడ సంగతి తర్వాత బిడ్డా. ముందుగాల గెట్టు తేల్చుకోండ్రి."

గెట్టు అంటే రెండు చేల నడుమ ఉండే ఒడ్డు. మా దిక్కు ఊళ్లలో హద్దుకు కూడా అదే మాట. సగం పంచాయితీలు దాని మీదే నడుస్తాయి.

కాగితం ఒక లెక్క, నేల ఒక లెక్క

నేను ముప్పై ఏళ్లు లెక్కల టీచరుగా చేశాను. కాబట్టి ముందు కాగితం మీది లెక్క. ఇరవై రెండు పదకొండ్లు 242 గజాలు. గుంటకు 121 చదరపు గజాలు గనక సరిగ్గా రెండు గుంటలు. ఈ అంకె ఊరికే రాలేదు. పాతకాలం సర్వే గొలుసు పొడవు 66 అడుగులు, అంటే 22 గజాలు. అరగొలుసు పొడవు, అరగొలుసు వెడల్పు ఉన్న జాగా ఒక గుంట. అలాంటివి నలభై కలిస్తే ఎకరం, 4,840 చదరపు గజాలు. అంటే మా దొడ్డి ఒక గొలుసు పొడవు, అరగొలుసు వెడల్పు. బడి మెట్లెక్కని మా మామయ్య జాగా ఎంత నిండుగా కొన్నాడో అని నాకు ముచ్చటేసింది.

నేల మీద కొలిస్తే ఆ ముచ్చట తీరిపోయింది. తూర్పు భుజం ముప్పై రెండున్నర అడుగులు. పడమర ముప్పై ఒకటి. ఉత్తరం అరవై అయిదు. దక్షిణం అరవై మూడు. మేస్త్రి ఎదురుబొదురు భుజాల సగటు తీసి గుణించి 226 గజాలన్నాడు. అందరూ చేసే లెక్క అదే, కానీ పాత జాగాలకు అది పనికిరాదు. అగ్గిపెట్టె పైడొప్పను చేత్తో పట్టుకుని పక్కకు నొక్కి చూడండి. నాలుగు భుజాలూ అంతే ఉంటాయి, లోపలి చోటు మాత్రం తగ్గిపోతుంది. అందుకే మూల నుంచి ఎదురు మూలకు కర్ణం కొలవాలి. జాగాను రెండు త్రిభుజాలు చేసి విడివిడిగా లెక్కగట్టి కలపాలి. అలా చేస్తే మాది 223 గజాలే. కాగితానికీ నేలకూ తేడా 19 గజాలు. అందులో ఏడు గజాల దాకా ముందున్న రోడ్డు తినేసింది. రెండు మూడు గజాలు మూలలు వంకర కావడం వల్ల పోయాయి. మిగిలిన తొమ్మిది గజాల మాట ఏమిటంటే, వెడల్పులో పదిహేను అంగుళాలు ఎవరో ఒకరి వైపు జరిగాయి. అది దక్షిణమా, ఉత్తరమా? అసలు ప్రశ్న అదే.

ఇప్పుడు చాలామంది ఫోన్‌లో ఉపగ్రహ పటం తెరిచి, నీలం చుక్క ఎక్కడ నిలబడితే అక్కడ రాయి పాతుతున్నారు. ఆరుబయట ఆకాశం బాగా కనిపించే చోట కూడా ఫోను చూపే స్థానం అయిదు మీటర్ల దాకా తప్పవచ్చు. అయిదు మీటర్లంటే పదహారు అడుగులు, మా దొడ్డి వెడల్పులో సగం! దారి వెతుక్కోవడానికి ఫోను చాలు, హద్దు వెతుక్కోవడానికి చాలదు. సర్వేయర్లు తెచ్చే డీజీపీఎస్ యంత్రం సెంటీమీటర్లలో చెబుతుంది. అయితే అది కూడా మనం నిలబడ్డ చోటు ఏదో చెబుతుందే గానీ, ఆ చోటు ఎవరిదో చెప్పదు.

అది చెప్పాల్సింది రికార్డు. పొలాలకైతే తెలంగాణలో మామూలుగా సర్వే నంబరుకు టిప్పన్ ఉంటుంది. భుజాల కొలతలతో గీసిన చిన్న పటం అది. ఆంధ్ర వైపు ఇదే పని ఎఫ్ఎంబీ చేస్తుంది. మీసేవలో ఎఫ్-లైన్‌కు దరఖాస్తు పెడితే మండల సర్వేయరు పక్క రైతులకు నోటీసులిచ్చి వచ్చి, వాటి ప్రకారం హద్దు చూపిస్తాడు. ఊరు కూర్చున్న చోటు మాత్రం అలా కాదు. దాన్ని గ్రామకంఠం అంటారు, మావాళ్లు ఆబాదీ అంటారు. పాత సర్వేల్లో దాని చుట్టూ బయటి గీత గీసి వదిలేశారు. లోపల ఎవరి ఇల్లు ఎంత, ఎవరి దొడ్డి ఎక్కడ అన్నది ఊరి నోట్లోనే ఉండిపోయింది. ఆ లోటు పూడ్చడానికే కేంద్రం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం తెచ్చి, ఊళ్ల మీద డ్రోన్లు తిప్పి ఇళ్ల హద్దులు గీయించడం మొదలుపెట్టింది. ఊరుగా ఉన్న ఊళ్లకు అది. మాది అప్పటికే నగరం. 2007 ఏప్రిల్‌లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీతో పాటు హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో కలిసిపోయింది. తండా జంక్షన్ దగ్గర 2024 జూలైలో ఫ్లైఓవర్ కూడా తెరిచారు. దాని మీద నుంచి చూస్తే అద్దాల మేడలే కనిపిస్తాయి. ఆ మేడల సందుల్లో మా ఆబాదీ ఇంకా పాత కొలతల్లోనే బతుకుతోంది.

కాబట్టి మేం చేసిందేమిటంటే, ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ఒక సంచిలో వేసుకుని వకీలు దగ్గరికి పోయాం. సాదాబైనామా, పంచాయతీ కాలం నాటి ఇంటిపన్ను రసీదులు, పాత కరెంటు బిల్లులు. ఆయన చెప్పిన మూడు మాటలు పాత జాగా ఉన్న ప్రతివాళ్లకూ పనికొస్తాయి. ఒకటి, రిజిస్టరు కాని కాగితంతో యాజమాన్యం రుజువు కాదు. అయితే జాగా మన అనుభవంలో ఎలా వచ్చిందో చూపడానికి, స్టాంపు సుంకం, జరిమానా కట్టాక, దాన్ని కోర్టు చూసే వీలుంది. రెండు, పన్ను రసీదులూ కరెంటు బిల్లులూ మనం అక్కడ ఉంటున్నామని చెబుతాయి, జాగా మనదని చెప్పవు. మూడు, కాగితంలోని విస్తీర్ణానికీ హద్దులకూ పొత్తు కుదరకపోతే కోర్టులు మామూలుగా హద్దుల వైపే మొగ్గుతాయి. 242 గజాలని రాసి ఉంది గదా అని ఆ అంకె పట్టుకుని పక్కవాళ్ల మీదికి పోతే నెగ్గం. బాట, ఇల్లు, కాలువ, చెట్టు ఎక్కడున్నాయో తేలితేనే మా జాగా తేలుతుంది.

అప్పుడే నాకు ప్రహరీ పథకం మొత్తం అర్థమైంది. నాలుగు వైపులా ఒకే గోడ అనుకోవడమే మా మొదటి తప్పు. హద్దు తేలిన వైపు గోడ కట్టాలి. తేలని వైపు, రేపు పీకి జరపగలిగే కంచె పెట్టాలి. నాలుగు దిక్కులూ అలా ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోయాం.

తూర్పు: బాట

బాట పక్క తగాదా పెట్టే మనిషి లేడని సంబరపడకండి. అక్కడ ఎదుటి పక్షం మున్సిపాలిటీ.

మా గల్లీ పద్నాలుగు అడుగులు. పాత ఊళ్లలో ఇలాంటి ఇరుకు దారి మీద ఇంటి అనుమతికి పోతే, దారి మధ్యగీత నుంచి కొలిచి, ముందు ముందు వెడల్పు చేయడానికి కావలసినంత వదిలి కట్టమంటారు. గోడ ఒక్కటే కదా అని ఇప్పుడు రోడ్డు అంచుకు ఆనించి కట్టేస్తే, ఇల్లు కట్టే నాటికి దాన్ని మన ఖర్చుతో మనమే కూల్చుకోవాలి. అందుకే ముందే మున్సిపల్ టౌన్‌ప్లానింగ్ విభాగంలో ఆ దారికి ఎంత వెడల్పు అనుకుంటున్నారో అడిగి, గోడను అక్కడిదాకా వెనక్కి జరిపాం. మూల జాగా ఉన్నవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. రెండు దారులు కలిసే చోట గోడ మూలను ఏటవాలుగా కోసి కట్టాలి. మలుపు తిరిగే బండికి అవతల ఏముందో కనబడాలి కదా.

బయట వదిలిన పట్టీ మాత్రం ఇప్పటికి మాదే. దాని అసలు అంచుల్లో రెండు రాళ్లు పాతి, తేదీతో ఫోటోలు తీసి పెట్టుకున్నాం. వదిలేశాం కదా అని గుర్తు కూడా లేకుండా చేసుకోకూడదు.

ఎత్తు సంగతి. జాతీయ భవన నియమావళి ప్రకారం వీధివైపు ప్రహరీ మామూలుగా వీధి మధ్యమట్టం నుంచి మీటరున్నర మించకూడదు. పైన తొంభై సెంటీమీటర్లు జాలీగానో గ్రిల్లుగానో ఉంటే 2.4 మీటర్ల దాకా పోవచ్చు. మేస్త్రికి ఇది మొదట నచ్చలేదు. "ఎనిమిదడుగులు నిండుగా లేపుదాం టీచరమ్మా, దొంగల భయం ఉండదు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నిండుగోడ ఒకసారి దూకిన దొంగకు మంచి చాటు. గ్రిల్లుంటే గల్లీలో పోయే ప్రతివాడూ కావలివాడే. గేటు లోపలికే తెరుచుకోవాలి. బండి ఎక్కే వాలు కూడా లోపలే ఉండాలి, దాన్ని రోడ్డు మీదికి పోస్తే మోరీ మూసుకుపోతుంది.

దక్షిణం: బావ ఇల్లు

అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది ఇక్కడే.

బావ ఇంటి గోడ ఇరవై ఎనిమిది అడుగుల మేర మా దొడ్డి అంచునే ఉంది. ఆ పొడవునా మళ్లీ మా గోడ ఎందుకు? అక్కడ వాళ్ల గోడే హద్దు. మిగతా ముప్పై అయిదు అడుగులకే ఆలోచించాలి. ఒక ఆదివారం పొద్దున బావ, మా ఆయన, ప్రైవేటు సర్వేయరు, ఊరి పెద్దమనిషి ఒకాయన, నేను. పాత ఇంటి పునాది రాయి మిగిలి ఉందేమోనని బావే స్వయంగా గునపం పట్టుకుని తన మేడ మూల దగ్గర తవ్వాడు. రెండడుగుల లోతున పెద్ద బండరాయి తగిలింది. పాత పెంకుటింటి మూలరాయి. అది చూడగానే అత్తమ్మ, "అగో, దాని మీద్నే కూసొని నేను ఎల్లిపాయలు ఒలిచేదాన్ని" అంది. అంతటితో దక్షిణం హద్దు తేలిపోయింది. సాదాబైనామాలో రాసిన 'పాలివారి ఇల్లు' అంటే ఆ రాయే. మేస్త్రి మొదట పోసిన ముగ్గు దానికంటే ఏడంగుళాలు అవతల ఉంది. బావ చెప్పిందే నిజం.

తేలింది కాబట్టి గోడ. కానీ ఏ గోడ? రెండు రకాలున్నాయి. ఒకటి హద్దు మీద సగం సగం నిలబడే ఉమ్మడి గోడ. దానికి ఖర్చూ సగమే, హక్కూ సగమే. దాని మీద దూలం పెట్టాలన్నా, మేకు కొట్టాలన్నా ఇద్దరికీ మాట ఉండాలి. రెండోది పూర్తిగా మన జాగాలో మన గోడ. మేం రెండోదే అనుకున్నాం. ఇక్కడ మేస్త్రులు చెప్పని చిక్కు ఒకటుంది. పునాది ఎప్పుడూ గోడ కంటే వెడల్పు. గోడ బయటి ముఖాన్ని హద్దు గీతకు ఆనించి కడితే, భూమి లోపల పునాది అడుగో అడుగున్నరో పక్కవాళ్ల జాగాలోకి పోతుంది. పైకి చూస్తే తప్పు కనబడదు. రేపు వాళ్లు పునాది తవ్వినప్పుడు బయటపడుతుంది. దానికి మందు, పునాదిని మన వైపే పెంచి, గోడను దాని అంచున నిలబెట్టడం. అయితే బరువు ఒక పక్కనే పడుతుంది కాబట్టి ఎనిమిది పది అడుగులకో స్తంభం వేసి, కింద బీము కట్టి పట్టు ఇవ్వాలి. దీని లెక్క మేస్త్రికి వదలకుండా ఇంజనీరును అడిగితే ఆ ఖర్చు దండగ కాదు.

నీళ్ల సంగతి కూడా అప్పుడే మాట్లాడుకున్నాం. బావ మేడ మీద వాన నీళ్లు ఇంతకాలం మా దొడ్డిలోకే జారేవి. గోడ వస్తే ఆ నీళ్లు రెండు గోడల నడుమ చిక్కి పునాదులు తడిపేస్తాయి. పైపు వేసి తన ముందువైపు దించుకుంటానని బావ ఒప్పుకున్నాడు.

ఇంకొకటి ఉంది, అది కాస్త సున్నితం. బావ వాళ్లు మా దొడ్డి గుండా నడిచి వెనకాల పోచమ్మ గుడికి పోతారు. ఆషాఢంలో బోనం ఎత్తుకుని మా అత్తమ్మ పెళ్లినాటి నుంచీ అలాగే పోతున్నారు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం, ఇరవై ఏళ్లు ఆటంకం లేకుండా, ఒకరి అనుమతితో పనిలేకుండా హక్కుగా వాడిన దారికి హక్కు పుడుతుంది. అడిగి, అనుమతి మీద వాడుకున్న దారికి అలా పుట్టదు. వకీలు ఈ రెండింటి తేడా చెప్పి, "మీది ఏది?" అన్నాడు. నేను ఇంటికొచ్చి బావనే అడిగాను. ఆయన నవ్వి, "అడిగేదేంది, పెట్టేదేంది, మనింట్లనే గదా పోయింది" అన్నాడు. కోర్టు ఆ మాటను ఏ వైపు లెక్క కడుతుందో గానీ, మేం గోడలో మూడడుగుల చిన్న దర్వాజ పెట్టాం. అది అనుమతి మీద వాడుకునే దారి అని ఒప్పంద పత్రంలో ఇద్దరం రాసుకున్నాం. దారి మూయలేదు, దాని పేరు మాత్రం తేల్చుకున్నాం.

సిడ్నీలో ఉండే మా మేనల్లుడు ఈ తతంగమంతా ఫోన్‌లో విని, "అత్తా, ఇక్కడైతే చట్టమే చెప్పేస్తది" అన్నాడు. నిజమే. వాళ్ల న్యూ సౌత్‌వేల్స్ రాష్ట్రంలో 1991 నాటి హద్దు కంచెల చట్టం ఉంది. మామూలు కంచె ఖర్చు ఇరుగుపొరుగు చెరిసగం. పక్కవాళ్లకు నోటీసివ్వాలి, నెలలో ఒప్పుకోకపోతే ట్రిబ్యునల్‌కు పోవచ్చు. ఇంగ్లండులో ఉమ్మడి గోడలకే 1996లో ఒక చట్టం చేశారు. మన దగ్గర పక్కింటివాళ్లు సగం ఖర్చు పెట్టుకోవాలని చెప్పే అలాంటి చట్టం లేదు. అందుకే మనకు ఒప్పంద పత్రమే చట్టం. ఒక జాగ్రత్త మాత్రం మరిచిపోకండి. 'హద్దు ఇక్కడే ఉందని ఇద్దరం ఒప్పుకున్నాం' అనే పత్రం వేరు, 'నీ జాగా కొంత నాకు, నా జాగా కొంత నీకు' అనే పత్రం వేరు. రెండోది రిజిస్టరు చేయించకపోతే చెల్లదు.

పడమర: కాలువ

పడమర అంచుతో ఆబాదీ అయిపోయి, సర్వే నంబరు మొదలవుతుంది. అందుకని ఈ ఒక్క వైపు మాకు టిప్పన్ దన్ను దొరికింది. మండల సర్వేయరు వచ్చి కొలతలు లాగి, ఒక చోట కర్ర గుచ్చి తవ్వమన్నాడు. అడుగున్నర మట్టి, దాని కింద చెత్త, దాని కింద తలమీద గీత చెక్కిన హద్దురాయి! ఎన్నేళ్లుగా పూడి ఉందో. మా మేస్త్రి సంతోషం పట్టలేక దాన్ని పీకి గట్టు మీద పెట్టబోతే సర్వేయరు చెయ్యి పట్టుకుని ఆపాడు. సర్వే రాయిని కదిలించడం నేరం. చుట్టూ శుభ్రం చేసి, అక్కడే ఉంచి, పైన గుర్తు పెట్టుకోవాలి.

ఆ రాయి ప్రకారం మా జాగా కాలువ దాకా ఉంది. అయినా కాలువ ఒడ్డు దాకా గోడ కట్టలేం. భవన నియమాలు పది మీటర్ల లోపు వెడల్పున్న వాగులూ నాలాలూ వాన కాలువలకు రెండేసి మీటర్లు ఖాళీ వదలమంటాయి. పది మీటర్లు దాటితే తొమ్మిది. చెరువులకైతే నిండుమట్టం గీత నుంచి కొలుస్తారు. పది హెక్టార్లూ ఆ పైన ఉన్న చెరువుకు ముప్పై మీటర్లు, అంతకంటే చిన్నవాటికీ కుంటలకూ తొమ్మిది. 2024 జూలైలో చెరువులూ నాలాల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఈ అంకెలు నగరమంతటికీ నోటికొచ్చేశాయి. పట్టా ఉంది కదా అంటే సరిపోదు. జాగా మనదే కావచ్చు, అక్కడ కట్టే హక్కు మాత్రం మనకు ఉండదు.

మీ కాలువ ఇప్పుడు ఎండిపోయి ఉందా? దాన్ని నమ్మకండి. వానాకాలం ఒకసారి నిలబడి నీళ్లు ఎటు వస్తున్నాయో, ఎటు పోతున్నాయో చూసి గానీ ఆ వైపు గోడ తలపెట్టొద్దు. మా నేల పైన ఎర్ర మొరం, కింద రాయి. ఇంకదు, పారుతుంది. ఎగువ నుంచి వచ్చే నీటికి నిండుగోడ అడ్డం పెడితే, అది గోడనైనా పడగొడుతుంది, పక్కవాళ్ల ఇంట్లోకైనా పోతుంది. అందుకే రెండు మీటర్లు వదిలి, కింద అడుగడుగుకూ నీరు పోయే కన్నాలు పెట్టి, మోకాలెత్తు గోడ మాత్రం కట్టి, పైన ఇనుప జాలీ బిగించాం.

ఉత్తరం: చింతచెట్టు

పోయిన పదిహేను అంగుళాల లెక్క ఇక ఉత్తరానికే మిగిలింది.

అవతల ఖాళీ జాగా. యజమానులు అమెరికాలో ఉంటారు. చింతచెట్టు ఆ జాగాకు అటువైపు ఉండేదని ఒక పెద్దమనిషి అంటాడు, ఇటువైపు అని ఇంకొకాయన. కాగితాన్ని ఎవరి నోటితో చదివితే వాళ్ల జాగా పెరుగుతుంది. చింత పోయిన చోటికి దగ్గర్లో ఒక వేప మాత్రం తనంతట తానే మొలిచి, ఇప్పుడు నడుమంత లావైంది.

ఇక్కడ మా ఆయన మెల్లగా అన్న మాట దాచను. "వాళ్లు ఊళ్లో లేరు గదా, పదిహేను అంగుళాలు కలుపుకుని కట్టేద్దాం." నేను లెక్కల టీచరునే గానీ, ఆ తీసివేత నాకు రాలేదు. అమెరికాలో ఉన్నవాళ్లు ఒకరోజు వస్తారు. వాళ్ల పిల్లలు జాగా అమ్ముతారు. కొన్నవాడు సర్వేయరుతో వస్తాడు. ఆ రోజు కూలేది మా గోడ.

హద్దు గీయకుండా వదిలేస్తే ఎంత పెద్దవాళ్లకైనా ఏమవుతుందో చూడటానికి మేం దూరం పోనక్కర్లేదు. మా పక్కనే హైదరాబాద్ విశ్వవిద్యాలయం. తెలంగాణలో కంచ అంటే పశువులు మేసే బీడు. కంచ గచ్చిబౌలి పేరులో ఉన్నది అదే. 2004లో అక్కడ విశ్వవిద్యాలయం దగ్గరున్న 534 ఎకరాలు తీసుకుని, బదులుగా మా గోపన్‌పల్లిలో 397 ఎకరాలు ఇచ్చామని ప్రభుత్వం చెబుతోంది. కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల మీద 2025 మార్చిలో గొడవ ముదిరినప్పుడు, 2024 జూలైలోనే సర్వే చేసి హద్దులు గుర్తించామని ప్రభుత్వ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ప్రకటించింది. అలాంటి సర్వే జరగలేదు, ప్రాథమిక పరిశీలన మాత్రమే జరిగిందని విశ్వవిద్యాలయం బదులిచ్చింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు కలగజేసుకుని పనులు ఆపించింది. ఎవరిది నిజమో తేల్చడం నా పని కాదు. ఒక సర్కారూ, ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయమూ 'హద్దు చూపించామా లేదా' అని వాదించుకునే ఊళ్లో, ఒక చింతచెట్టును నమ్మి నేను గోడ కట్టాలా?

అందుకే ఉత్తరాన కంచె. ఏడడుగుల రాతి కడీలు తెప్పించి, రెండడుగులు భూమిలోకి దించి, జాలీ లాగాం. సిమెంటు పోయలేదు, చుట్టూ రాళ్లూ మొరమూ వేసి దిమ్మిస కొట్టించాం. రేపు హద్దు అటో ఇటో తేలితే కడీలు పీకి మళ్లీ పాతుకోవచ్చు. నష్టం రెండు రోజుల కూలి. కడీలు ఒకదానికొకటి దూరంగా ఉంటాయి గనక వేప వేర్లకూ దెబ్బ తగల్లేదు. వరసగా గోతి తవ్వి గోడ కడితే ఆ చెట్టు ఒక పక్క వేర్లన్నీ పోయి గాలివానకు ఒరిగేది. కొట్టేద్దామన్నా మన ఇష్టం కాదు. 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి.

కంచె పెట్టేముందు అమెరికా వాళ్లకు కబురు పంపాం. మొదట వాట్సాప్‌లో, తర్వాత ఇక్కడి చిరునామాకు అక్నాలెడ్జ్‌మెంట్‌తో రిజిస్టర్డ్ పోస్టులో. 'ఇది హద్దు తేలేవరకు పెడుతున్న తాత్కాలిక కంచె, మీ హక్కు మీకుంది, మా హక్కు మాకుంది' అని రాశాం. ఈ ఒక్క వాక్యం చిన్నది కాదు. ఒకరి జాగాను ఇంకొకరు బాహాటంగా, తమదేనంటూ పన్నెండేళ్లు అనుభవిస్తే అసలు యజమాని దావా వేసే గడువు దాటిపోతుంది. అలాంటి ఉద్దేశం లేదని ముందే రాసిపెడితే ఇరువైపులా నిద్ర పడుతుంది.

మీ పక్కవాళ్లు మాట వినేవాళ్లు కాకపోతే ఇంకో దారి ఉంది. వాళ్లు మిమ్మల్ని అడక్కుండా కోర్టు నుంచి స్టే తెచ్చుకుంటారన్న అనుమానం ఉంటే, ముందే కేవియట్ వేసుకోవచ్చు. తొంభై రోజుల పాటు మీ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వరు. వ్యాజ్యం దాకా పోతే కోర్టు అడ్వొకేట్ కమిషనర్‌ను పంపి సర్వేయరుతో కొలిపిస్తుంది. ఆదివారం పొద్దున బావ గునపంతో తేల్చిన పనిని అక్కడ తేల్చడానికి ఏళ్లు పడుతుంది.

కొత్త కాగితం

పని మొత్తం అయ్యాక బావతో ఒప్పంద పత్రం రాయించడానికి డాక్యుమెంట్ రైటరు దగ్గరికి పోయాం. సర్వేయరు గీసిన పటం, నాలుగు భుజాలు, కర్ణం, మూలల కొలతలు జతపరిచాం. గోడ ఎవరిదో కూడా రాయించాం. దక్షిణం గోడ మా ఖర్చుతో మా జాగాలో కట్టింది, బావ ఇంటి గోడ బావది. ఇది రాయకపోతే ముప్పై ఏళ్ల తర్వాత రెండూ ఉమ్మడివైపోతాయి.

రైటరు పాత సాదాబైనామా ముందు పెట్టుకుని హద్దులు ఎక్కిస్తున్నాడు. తూర్పు, సిమెంటు రోడ్డు, మధ్యగీత నుంచి ఇన్ని అడుగులు. దక్షిణం, పాత మూలరాయి, దాని దూరాలు. పడమర, సర్వే రాయి. ఉత్తరం దగ్గర కలం ఆపి, కాగితం మీద ఒకసారి, పటం మీద ఒకసారి చూశాడు. పటంలో వేప గుర్తు కనబడింది.

"ఉత్తరాన వేపచెట్టు అని రాద్దామా మేడం?"

"చెట్టు వద్దు నాయనా" అన్నాను. "కడీలని రాయి. తాత్కాలికం అని కూడా రాయి."